కోరా తీగ మీద డాన్స్ తాళం

పశ్చిమ ఆఫ్రికాలోని మాండింకా సమాజంలో పాట వంశవృత్తి. రాజుల గాథలు, కుటుంబాల వంశావళులు కంఠస్థం చేసి పెళ్లిళ్లలో, పేరంటాల్లో పాడేవారిని అక్కడ 'జెలీ' అంటారు. ఫ్రెంచి వాడుకలో వారే 'గ్రియో'లు. తెలుగునాట భట్రాజులు, పిచ్చుకగుంట్లవారు చేసిన పని దాదాపు ఇదే. 1950లో గినీలో అలాంటి ఇంట పుట్టిన మోరీ కాంటే యూరప్ డాన్స్ క్లబ్బుల గాయకుడయ్యారు. జానపదం యంత్రానికి లొంగిపోయిందనడానికి కొందరు ఆయన్నే ఉదాహరణగా చూపుతారు. ఆయన పెరిగిన వేదికలను, పట్టిన వాద్యాన్ని గమనిస్తే ఆ వాదన నిలవదు.

చిన్నతనంలోనే మాలీలోని బంధువుల ఇంట కులవిద్య నేర్చుకున్న కాంటే 1971లో బమాకోలోని రైల్ బ్యాండ్‌లో చేరారు. మాలీ రైల్వే పోషణలో స్టేషన్ హోటల్లో వాయించే ఆ బృందం పాత వీరగాథలకు ఎలక్ట్రిక్ గిటార్లను, క్యూబా లయలను జోడించేది. బృందం గాయకుడు సలీఫ్ కేటా తప్పుకున్నాక ప్రధాన గాయకుడి స్థానం కాంటేకు దక్కింది. 1984లో పారిస్ చేరేనాటికి కరెంటు వాద్యాలతో పాడటం ఆయనకు కొత్త కాదు.

ఇక వాద్యం సంగతి. సగానికి కోసిన పెద్ద ఆనపబుర్రకు ఆవుతోలు బిగించి, పొడవాటి కర్ర అమర్చి, 21 తీగలు కడితే కోరా అవుతుంది. రెండు చేతుల బొటనవేళ్లతో, చూపుడువేళ్లతో దాన్ని మీటుతారు. అదే వరుస మళ్లీ మళ్లీ తిరిగిరావడం 'కుంబెంగో'. దాని మీద జల్లులా కురిసే విడి పలుకులు 'బిరిమింటింగో'. డాన్స్ సంగీతానికీ ఆవృత్తే ప్రాణం. అందుకే డ్రమ్ మెషీన్, సింథసైజర్ పక్కన చేరినా కోరా తన నడక మార్చుకోనక్కర్లేకపోయింది.

1987 నాటి 'అక్వాబా బీచ్' ఆల్బమ్‌లోని 'యే కె యే కె' మరుసటి ఏడాది పలు యూరప్ దేశాల్లో మొదటి స్థానానికి చేరింది. పది లక్షల కాపీలు దాటిన తొలి ఆఫ్రికన్ సింగిల్‌గా పేరు పొందింది. 1994లో జర్మన్ జంట హార్డ్‌ఫ్లోర్ దాన్ని టెక్నో రీమిక్స్‌గా మలచింది. అసలు నష్టం ఇక్కడ కనిపిస్తుంది. ఆల్బమ్‌లో యంత్రాలు గాయకుడి వెంట నడిచాయి. రీమిక్స్‌లో గొంతు ముక్కలై యంత్రం వెంట నడిచింది. జెలీ ఆస్తి మాట. నాట్యశాలలో ఆ మాట అర్థం వదిలేసి శబ్దంగా మిగిలింది.

రెండో నష్టం పేరుది. 'అక్వాబా బీచ్'లోని 'తమా' బాణీ హిందీలో 'తానేదార్' (1990) చిత్రానికి 'తమ్మా తమ్మా లోగే'గా, 'హమ్' (1991) చిత్రానికి 'జుమ్మా చుమ్మా దే దే'గా మారింది. ఆ పాటలకు గంతులేసిన తెలుగు శ్రోతల్లో చాలామందికి కాంటే ఎవరో తెలియదు. జెలీల లోకంలో బాణీ ఉమ్మడి సొత్తే. అయితే ఎవరి గాథను ఎవరు పాడుతున్నారో సభకు తెలుస్తుంది. వాణిజ్య సంగీతం బాణీని తీసుకుని ఆ ఎరుకను వదిలేసింది.

2004లో కాంటే 'సబూ' ఆల్బమ్‌ను పూర్తిగా సంప్రదాయ వాద్యాలతో రూపొందించారు. 2020లో కొనాక్రీలో కన్నుమూశారు. డాన్స్ సంగీతంలోకి దాటి వెళ్లినవాడు సంప్రదాయ వాద్యాలకు వెనక్కి రాగలిగాడంటే పునాది చెదరలేదనే అర్థం. కలయిక మేలా కీడా అని తేల్చే కొలత యంత్రంలో లేదు. పాట మీద పెత్తనం, పాట కింద పేరు పాడినవారికే మిగిలాయా లేదా అన్నదే ఆ కొలత.