పాతబడిన ద్రాక్షారిష్టము

శరత్తు వచ్చినది, కృష్ణ తేటపడినది. బెజవాడలో మా యింట దసరా విందు ముగిసినపిదప మా యత్తగారు 5 ఏండ్లనాటి ద్రాక్షారిష్టపు సీసా తీసిరి. మూత విప్పగానే యేలకులతోడి ద్రాక్షగంధ మిల్లంతయు నిండినది.

అరిష్టములు పాతబడినకొలఁది గుణవంతములగునని శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. ఎండుద్రాక్షల కషాయమున బెల్లమును, ధాతకీపుష్పములను గలిపి కుండలో మూసియుంచగా నది పులియును. ఆ పులియుటచేతనే నూటికి 5 మొదలు 10 పాళ్ల వఱకు మద్యసార మందు బుట్టును.

ఇది యెఱుఁగక, పండ్లరసమేకదా యని, విందునకు వచ్చిన పొరుగింటి కోడలు, నిండు గర్భవతి, గ్లాసునిండ పోసికొనఁబోయెను. నేను చేయి పట్టి యాపితిని.

వైద్యుని యనుమతి లేక గర్భిణులును, పాలిచ్చు తల్లులును, మధుమేహులును దీనిని ముట్టరాదు, పిల్లల కీయరాదు. తక్కినవారికిని భోజనానంతరము సమముగా నీరు గలిపిన చిన్న మోతాదే చాలును.

సీసాపై "మందు" అని వ్రాసి యెత్తున నుంచుఁడు.