చిన్నపిట్టలు – పెద్దమనుష్యులు

పులి చచ్చిన వార్త పత్రికల కెక్కును. నెమలిని చంపినవాడు న్యాయస్థానపు మెట్లెక్కును. గువ్వ చచ్చినచో వంటయింట మసాలా నూరుదురు. ఈ భేదమునకు కారణమేమి? పులి యరుదు, గువ్వ యెల్లెడల గలదు. ఎల్లెడల నున్నదాని ప్రాణము చౌక యను సిద్ధాంతము మనలో వేరూనినది. దానిని ఖండించుటయే మా యుద్దేశము.

ఇటీవల నొక ఆదివారమున మేము రహదారిప్రక్క సంతకు పోయితిమి. అచట మా తరగతి బాలు డొకడు కాళ్లు కట్టిన గువ్వలను జతలు జతలుగా కఱ్ఱకు వ్రేలాడదీసి యమ్ముచుండెను. మూడు దినములకు ముందు ఆ బాలుడే చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభకథను తప్పులేక అప్పగించెను. వలతోగూడ నెగిరిన పావురములు, తన కట్లకంటె ముందు తనవారి కట్లు కొఱుకుమన్న చిత్రగ్రీవుడు, అన్నియు వానికి కంఠస్థములే. “ఇదేమిరా?” యంటిమి. వాడు తలవంచి, “మా అయ్య పట్టినవండి. మీబోటి వారే కొంటారండి” అనెను. ఇంతలో నొక మోటారుబండి వచ్చి యాగెను. దిగినవాడు మా తోడి యుపాధ్యాయుడే. బేరమాడి రెండు జతలు కొనిపోయెను. మేము నోరు మెదపక నిలిచితిమి. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా నిది వ్రాయుచున్నాము.

చట్టము లేదా? కలదు. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చినది. మొదట అది చిన్నవేటకు అనుమతిపత్రము లిచ్చుటకు చోటిచ్చెను. 1991 సవరణతో ఆ చోటును పోయినది. కాని చట్టము గ్రంథములో నున్నది, గువ్వ గిన్నెలో నున్నది. పెంపుడు కౌజుల పేరు చాటున అడవి పూరేళ్లు విస్తళ్ల కెక్కుట మే మెఱుగనిది కాదు.

కొనువారి వాదములు మూడు. మొదటిది: “లెక్కలేనన్ని యున్నవి, తరుగునా?” ఉత్తర అమెరికాలో పాసెంజరు పావుర మను జాతి యుండెడిది. వందలకోట్ల పక్షులు, ఎగిరినచో ఆకాశము మూసికొనిపోయెడిది. తంతితపాలా అవి దిగినచోటు తెలిపెను. రైలుబండి వాని కళేబరములను పీపాలలో నగరములకు చేర్చెను. 1878లో మిచిగన్ రాష్ట్రపు పెటోస్కీ యొద్ద గూళ్లమీదనే వానిని కూల్చిరి. ఆ జాతిలో కడపటిదైన మార్తా యను పావురము 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో చచ్చెను. అచ్చటివారును తరుగునా యనియే అడిగిరి. నేడు మన చేత టెలిఫోనును మోటారుబండియు నున్నవి.

రెండవది: “పక్షవాతమునకు పావురము మందు.” మెదడులోని రక్తనాళము పూడుకొనుటవలననో పగులుటవలననో వచ్చు వ్యాధి అది. పిట్టమాంసము ఆ నాళమును బాగుచేయలేదు. ప్రతి నిమిషమును విలువైన ఆ వేళ రోగిని ఆసుపత్రికి కొనిపోక గువ్వను వెదకబోవువారు పిట్టతోబాటు మనిషిని గూడ చంపుచున్నారు.

మూడవది: “కోడిని తినుట లేదా?” మేము మాంసాహారమును నిందించుట లేదు. కోడిని పెంచినవాడు దాని సంతతిని గూడ పెంచును. గువ్వ నెవడు పెంచెను? అది మారునకు రెండు గ్రుడ్లే పెట్టును. తల్లిదండ్రు లిరువురును గొంతుసంచిలో నూరు పాలవంటి పదార్థమును పిల్లలనోటి కందింతురు. సంవత్సరములో ఇంచుమించు అన్ని నెలలందును గూడు కట్టు పక్షి అది. కావున సంతలో వ్రేలాడు జతవెనుక గూటిలో ఆకలితో చచ్చు మఱియొక జత యుండవచ్చును. బేరములో దానిని లెక్కవేసిన వారెవరు?

మహాభారత శాంతిపర్వములో నొక కపోతము, తన భార్యను పట్టిన వేటగాడే యాకలిగొని చెట్టుక్రింద వణకుచుండగా, అతిథి యని తలచి నిప్పులో దూకి వాని కాహార మయ్యెను. ఆ వేటగాడు దానిని చూచి పశ్చాత్తప్తుడై వేట మానెను. వానికి ఆకలియైన నుండెను. మోటారుబండి దిగిన మన పెద్దమనిషికి ఆకలి యెక్కడిది? వానికున్నది జిహ్వాచాపల్యము మాత్రమే. అయినను పట్టుబడినప్పుడు చెఱసాలకు పోవునది వలవేసినవాడే. విస్తరి వేసికొన్నవాడు కాడు.

వేటగాని నేర్పు దేశమున కక్కఱకు రాని దనుకొనరాదు. 1900 తరువాత కనబడక, నశించిన దనుకొన్న కలివికోడి 1986లో కడపజిల్లాలో మరల దొరకినది పిట్టలు పట్టు నొక స్థానికుని నేర్పుచేతనే. అట్టివారిని అడవికి కాపరులుగా నియమించి జీతమిచ్చినచో, పిట్ట బ్రదుకును, వారి పిల్లవాడు ఆదివారము కూడ పుస్తకము పట్టును. అది ప్రభుత్వము చేయవలసిన పని. మనము చేయవలసినది అంతకంటె సులభము: కొనకుండుట. కొనువాడు లేని సంతలో వల దానంతట అదే చుట్టుకొనును.

సోమవారమున మా తరగతిలో చిత్రగ్రీవుని కథ మరల వచ్చినది. ఆ బాలుడు మమ్ము చూచి తలవంచుకొనెను. తలవంచుకొనవలసినవారము మేము.