పుస్తకాలు మంచం కింద కాదు, గోడ మీద పెడదాం



పాడేరైనా ఉట్నూరైనా మన హాస్టళ్లలో పుస్తకం ఉండేది తాళం వేసిన రేకు పెట్టెలో, లేదంటే మంచం కింద. వానాకాలం అక్కడ చెమ్మ, ఆ వెనకే చెదలు. డిగ్రీ అయిపోయిన అన్న ఊరికెళ్తూ తెలుగు అకాడమీ పుస్తకాల్ని పాత పేపర్లతోపాటు కిలో లెక్కన అమ్మేస్తాడు. మరుసటేడు వచ్చిన తమ్ముడు అవే పుస్తకాలు అప్పు చేసి కొంటాడు. బీరువా శాంక్షన్ అయ్యేదాకా ఆగుదాం అంటారు కొందరు. మేం ఆగొద్దంటాం.

కశ్మీర్ యాపిల్ వచ్చే చెక్క పెట్టెలు పండ్ల కొట్టులో అడగండి, కొద్ది డబ్బుకే ఇస్తారు. బయటికొచ్చిన మేకులు పీకేసి, ఉప్పు కాగితంతో రుద్ది, ఎండబెట్టి, వార్నిష్ వెయ్యండి. అసలు కిటుకు వెనక వైపుంది. పెట్టె అడుగు చెక్కలు పలచన. వాటికే స్క్రూ కొడితే బరువుకి చీలిపోతాయి. లోపల, గోడవైపు పై అంచున మందపాటి బద్ద పెట్టి, రెండు పక్కలకీ బిగించండి. స్క్రూ ఆ బద్దలోంచి గోడలోని ప్లగ్గులోకి దిగాలి. ఊళ్లో మట్టి గోడైతే ఇది నిలవదు, దూలానికి తాళ్లతో వేలాడదీయడమే మేలు.

అందరికీ అందేలా పెడితే పోతాయంటారు. పోతాయి, ఒకటో రెండో. కిలోలెక్కన పోయేవాటికన్నా ఎక్కువేం కాదు.

వార్డెన్ సార్‌ని అడిగి, కరెంటు వైరు ఎటుందో చూసుకుని చిల్లు పెట్టండి. ఈ ఏడు వెళ్లిపోయే సీనియర్లూ, మీ పుస్తకాలు అమ్మకండి, మొదటి పెట్టె మీదే.