చెవి మిషన్‌కు మన ఎండ తెలియాలి

పుట్టుకతో వినపడని పసిపిల్లలకు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేయించడం ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. లక్షలు పోసి కొనాల్సిన పరికరం కూలినాలి చేసుకునేవాళ్ల ఇళ్లకూ చేరింది. కేంద్రం కూడా దివ్యాంగులకు పరికరాలిచ్చే ఏడిప్ పథకం కింద ఈ ఖర్చు భరిస్తోంది. ఆపరేషన్ థియేటర్ వరకు ప్రభుత్వాలు బాగానే చేయిపట్టి నడిపించాయి. బిడ్డ ఇంటికొచ్చాక ఆ పరికరం ఏ ఎండలో, ఏ ఉక్కపోతలో పనిచేయాలో మాత్రం ఎవరికీ పట్టలేదు.

చెవి వెనక పెట్టే ప్రాసెసర్‌ను తల్లిదండ్రులు మిషన్ అనే అంటారు. అది మాటను పట్టుకుని, సంకేతంగా మార్చి, సన్నని వైరు గుండా కాయిల్‌కు పంపుతుంది. అయస్కాంతంతో తలకు అతుక్కుని ఉండే ఆ కాయిల్ నుంచి రేడియో తరంగాలు చర్మం దాటి లోపలి ఇంప్లాంట్‌కు చేరతాయి. లోచెవిలోని ఎలక్ట్రోడ్లు వినికిడి నరాన్ని నేరుగా ప్రేరేపిస్తాయి. లోపలి భాగానికి సొంత బ్యాటరీ ఉండదు, కరెంటు సైతం ఆ కాయిల్ నుంచే రావాలి. అందుకే బయటి వైరు తెగిన మరుక్షణం బిడ్డకు ఆ చెవిలో చప్పుడన్నదే ఉండదు.

ఇంజినీర్లు లోపలి భాగం కోసం పడ్డ శ్రమ తక్కువది కాదు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం అనేక ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్‌ను మనిషికి అమర్చింది. ఒంట్లో ఎప్పుడూ 37 డిగ్రీల వేడి, ఉప్పు కలిసిన తేమ. ఎలక్ట్రానిక్స్‌కు అంతకన్నా గడ్డు చోటు ఉండదు. అందుకే టైటానియం పెట్టె, సిరామిక్ బిగింపులు, ప్లాటినం ఎలక్ట్రోడ్లు, సిలికాన్ తొడుగు. దశాబ్దాల పాటు నిలవాలన్న పట్టుదలతో చేసిన పని అది. బయటి భాగం దగ్గరికొచ్చేసరికి మన వాతావరణం మీద అంత పట్టింపు కనపడదు.

కొన్ని ప్రాసెసర్ల మాన్యువల్‌లో పనిచేసే ఉష్ణోగ్రతకు పైహద్దు 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో 45 దాటే రోజులుంటాయి. కాకినాడ, విశాఖల్లో ఎండకు ఉప్పుగాలి తోడు. కొత్త ప్రాసెసర్లకు నీటిని, దుమ్మును తట్టుకుంటాయని చెప్పే ఐపీ68 రేటింగ్ ఉందంటారు, నిజమే. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. మన పిల్లల చెవి వెనక కారేది ఉప్పు చెమట, దానికి తోడు కొబ్బరినూనె, పౌడరు.

ఒక తల్లి తన కొడుకు వైరు నాకు చూపించింది. కాయిల్‌లో గుచ్చే చోట పైతొడుగు గట్టిపడి బీటలిచ్చింది. బ్యాటరీ తగిలే లోహపు పలకల మీద పచ్చగా చిలుము. బయటి భాగాల్లో తరచూ చెడేది ఈ వైరే. వారంటీ దాటితే ఆ ఖర్చు చాలా ఇళ్లలో తల్లిదండ్రులదే. జిల్లాలో దొరకదు, నగరం నుంచి తెప్పించుకోవాలి. అది వచ్చేదాకా మాటలు నేర్చుకునే వయసులో ఉన్న బిడ్డ వారాల తరబడి నిశ్శబ్దంలో ఉంటాడు. స్పీచ్ థెరపీతో పట్టుబడిన మాటలు వెనక్కి పోతాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

జాగ్రత్తలు చెప్పేవాళ్లూ తక్కువే. వాన పడుతోందని మిషన్‌ను ప్లాస్టిక్ కవరులో బిగించి చుడతారు. చాలా మిషన్లలో వాడే జింక్ ఎయిర్ సెల్‌లు గాలిలోని ఆక్సిజన్‌తోనే పనిచేస్తాయి. గాలాడకపోతే సెల్ నీరసిస్తుంది, మిషన్ పాడైందని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. నీళ్ల కోసం చేసిన కవరు వాడేటప్పుడు రీచార్జబుల్ బ్యాటరీ పెట్టాలి. రాత్రి మిషన్‌ను సిలికా జెల్ ఉన్న డ్రై బాక్సులో ఉంచాలి, గింజల రంగు మారితే వాటిని ఆరబెట్టాలి లేదా మార్చాలి. కరెంటు అక్కర్లేని ఈ చిన్న డబ్బా పల్లెల్లో ఎంతో మేలు. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు, పొడి లోపలికి పోతుంది.

కేరళ ప్రభుత్వం శ్రుతితరంగం పథకంలో ఆపరేషన్‌తో ఆగకుండా ప్రాసెసర్ మరమ్మతుకూ, మార్పిడికీ సాయం చేస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ బాట పట్టాలి. పరికరాలు కొనేది ప్రభుత్వ డబ్బుతో కాబట్టి షరతు పెట్టే హక్కు మనదే. 45 డిగ్రీల వేడిలో, ఉప్పు చెమటలో పరీక్షించి చూపమని టెండరులోనే రాయాలి. వైర్లు, కాయిళ్లు జిల్లా ఆసుపత్రిలో నిల్వ ఉంచాలి. ప్రతి కిట్‌లో డ్రై బాక్సు ఉండాలి, దాన్ని వాడే తీరు తెలుగులో అచ్చేసి ఇవ్వాలి. ఆపరేషన్ ఖర్చు ముందు ఇవన్నీ చిన్న మొత్తాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు మూడు సంగతులు గట్టిగా అడగండి: వారంటీ ఎన్నేళ్లు, ఆ తర్వాత వైరు ధర ఎంత, అది మీ ఊరికి ఎన్ని రోజుల్లో వస్తుంది. జవాబు కాగితం మీద రాయించుకోండి.