గొట్టం తీసిన తరువాత గొంతు మీది గాయం

గత నెల ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. మోటారు సైకిలు మీద నుండి పడి తలకు బలమైన దెబ్బ తగిలిన ఆమె కుమారుడు మూడు వారాలకు పైగా శ్వాసయంత్రం మీద ఉన్నాడు. నోటిలో వేసిన గొట్టాన్ని చాలా రోజులు ఉంచడం మంచిది కాదు గనుక, డాక్టర్లు గొంతు ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి శ్వాసనాళంలోనికి వేరే గొట్టం వేశారు. దీనినే ట్రెకియాస్టమీ అంటారు. ఇప్పుడు బిడ్డ తేరుకున్నాడు. గొట్టం తీసి ఇంటికి పంపారు. "కాని అయ్యా, ఆ రంధ్రానికి ఒక్క కుట్టయినా వేయలేదు. దగ్గితే గాలి బుస్సుమని వస్తుంది. కట్టు తడిసిపోతుంది. మావాళ్లు ఇది నిర్లక్ష్యమంటున్నారు. పట్నం తీసుకువెళ్లి కుట్టించమంటారా?" అని ఆమె అడిగారు.

అమ్మా, కుట్టించవద్దు. అది నిర్లక్ష్యం కాదు. ఈ గాయాన్ని సాధారణంగా అలాగే వదిలేస్తారు. పైన చర్మం కుట్టేస్తే, దగ్గినప్పుడు లోపలి గాలి, కళ్లె బయటికి వచ్చే దారి లేక చర్మం క్రింద చేరుతాయి. మెడ ఉబ్బుతుంది, చీము పడుతుంది. పాత బావిని పూడ్చేవారు అడుగు నుండే పూడ్చుకొస్తారు కదా! ఈ గాయం కూడా అడుగు నుండి ఎర్రని కొత్త కండ పెరుగుతూ, అంచులు దగ్గరకు లాగుకుంటూ పూడుతుంది. గొట్టం తీసిన ఒకటి రెండు రోజులకే రంధ్రం బాగా చిన్నదవుతుంది. చాలామందికి వారం రోజుల్లో, కొందరికి రెండు వారాల్లో మూసుకుంటుంది.

అంతవరకు ఇంటివారు చేయవలసిన పని ఒకటున్నది. మాట్లాడేటప్పుడు, దగ్గేటప్పుడు రెండు వేళ్లతో కట్టు మీద మెల్లగా అదిమి పట్టాలి. గాలి ఎంత తక్కువ పోతే గాయం అంత త్వరగా పూడుతుంది. రోగి మరచిపోతాడు, ప్రక్కనున్నవారే గుర్తు చేయాలి. కట్టు రోజుకొకసారి, తడిస్తే వెంటనే మార్చాలి. ముందు చేతులు సబ్బుతో కడుక్కొని, ఆసుపత్రిలో ఇచ్చిన సెలైనుతో గాని, కాచి చల్లార్చిన నీటిలో తడిపి పిండిన గాజు గుడ్డతో గాని చుట్టూ తుడిచి, పొడి గుడ్డ పెట్టి ప్లాస్టరు వేయాలి. దూది వాడవద్దు. దాని నూగు ఊపిరితో లోపలికి పోతుంది. పసుపు, పౌడరు, బూడిద అసలే వద్దు. చేతి మీది గాయం వేరు, ఇది వేరు. ఈ రంధ్రంలో చల్లినది నేరుగా ఊపిరితిత్తులలోనికే పోతుంది. స్నానం మెడ క్రింది వరకే చేయించాలి. గాయం పూర్తిగా మూసుకొనేవరకు చెరువులో, కాలువలో దిగకూడదు.

ఇక పథ్యం సంగతి. పప్పు తింటే చీము పడుతుందని, గ్రుడ్డు వాతమని చెప్పి మజ్జిగన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కొత్త కండ పెరగడానికి కావలసింది ఆ పప్పు, గ్రుడ్లు, పాలు, చేపలే! మింగేటప్పుడు పొలమారకపోతే ధైర్యంగా పెట్టండి. పొలమారుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పాలి. చక్కెర వ్యాధి ఉంటే అదుపులో పెట్టాలి. బీడీ, చుట్ట పూర్తిగా మానాలి.

గాయం చుట్టూ ఎరుపెక్కి వేడిగా ఉన్నా, చీము, దుర్వాసన, జ్వరం, రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోతే ఒక్క గంట కూడా ఆగవద్దు. గొట్టం చాలా నెలలు ఉన్నవారిలో చర్మం లోపలి వరకు పెరిగి రంధ్రం మూసుకోకపోవచ్చు. మూడు నెలలైనా గాలి వస్తుంటే చిన్న ఆపరేషనుతో మూస్తారు.

మా భయమంతా పైకి కనిపించే ఈ గాయం గురించి కాదు. గొట్టం ఒరుసుకున్నచోట శ్వాసనాళం లోపల కూడా పుండు పడవచ్చు. అది మానేటప్పుడు మచ్చకట్టి, నాళం ఇరుకు కావచ్చు. ఇది కొద్దిమందికే వస్తుంది. వచ్చినా గొట్టం తీసిన కొన్ని వారాలకో నెలలకో, పైగాయం మాని అందరూ మరచిపోయిన తరువాత బయటపడుతుంది. మెట్లెక్కితే ఆయాసం, ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తాయి. చూచినవారు పిల్లికూతలనుకొని ఉబ్బసం మందులిస్తారు. వాటితో నాళం వెడల్పు కాదు. అందుకే ఆసుపత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం పారవేయకండి. తరువాత ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, జ్వరానికి వెళ్లినా సరే, "గొంతులో గొట్టం వేశారు" అని మొదటే చెప్పండి. శబ్దం వస్తుంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరు సన్నని దుర్బిణీ గొట్టంతో లోపల చూస్తారు.

ఆ తల్లి ఉత్తరం చివర మరొక ప్రశ్న ఉంది. దెబ్బ తగలక ముందు కుమారుడు గుడిలో గాయక బృందంతో పాడేవాడట. మరల పాడగలడా అని. గాయం పూర్తిగా మూసుకొని, కట్టు పొడిగా ఉండేవరకు ఆగి, ముందు మాటలు, ఆ తరువాత మెల్లగా పాట మొదలుపెట్టవచ్చు. మొదట గొంతు బొంగురుగా ఉంటుంది. నెల దాటినా అలాగే ఉంటే స్వరతంత్రులను పరీక్ష చేయించండి. గొంతు గుంటలో మిగిలే మచ్చ మింగినప్పుడల్లా కదులుతుంది. దానికి కంగారుపడనక్కరలేదు, చొక్కా పై గుండీ పెట్టుకుంటే కనిపించదు.