తెల్లకోటు లోపలి మనిషి

2020 ఏప్రిల్‌లో మన నెల్లూరు డాక్టరొకరు కోవిడ్‌తో చెన్నైలో చనిపోతే, అంబత్తూరు శ్మశానంలో దహనానికి జనం అడ్డుపడ్డారు. వారం తిరక్కుండానే న్యూరోసర్జన్ సైమన్ హెర్క్యులిస్ భౌతికకాయాన్ని తీసుకెళ్తున్న అంబులెన్సుపై రాళ్లు పడ్డాయి. ఇలాంటి వార్తల మధ్యే, ధర్మపురిలోనూ ఊరూరా ఆసుపత్రుల్లోనూ నర్సులు పీపీఈ కిట్లు తొడుక్కుని, గంటల తరబడి గుక్కెడు నీళ్లయినా తాగకుండా డ్యూటీ చేశారు. ఇంటికెళ్తే పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలన్నా భయమే.

అదే నెల, న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ డాక్టరుగా పనిచేసిన లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నారు. మానసిక చికిత్స తీసుకుంటే లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. ఆ భయం మన డాక్టర్లలోనూ ఉంది. నన్ను ఎక్కువ కలచివేసేది అదే. ఈ సంచిక వాళ్ల కోసం.

బతుకు భారమనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో రాత్రీపగలూ, ఉచితంగా, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.