ఓదార్చనని తెగేసి చెప్పిన గొంతు

1990 అక్టోబరులో న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కెథెడ్రల్‌లో గ్రీకు సంతతి అమెరికన్ గాయని డయమాండా గలాస్ ‘ప్లేగ్ మాస్’ పాడింది. అర్ధనగ్నంగా, ఒంటినిండా నెత్తురు పూసుకుని నిలబడింది. శుచి, అశుచి గురించి బైబిల్‌ లేవీయకాండంలో ఉన్న వాక్యాలను డ్రమ్ముల మోత మీద శిక్ష చదువుతున్నట్టు చదివింది. కీచుమని పైకి లేచిన గొంతు అంతలోనే బొంగురుపోయి గుర్రుమంటుంది. కుదురుగా కూర్చుని వినడం కష్టం.

అలా పాడటానికి కారణముంది. నాటక రచయిత అయిన ఆమె సోదరుడు ఫిలిప్ దిమిత్రి 1986లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అమెరికాలో ఆ జబ్బు 1981లోనే బయటపడినా, అధ్యక్షుడు రీగన్ దాని మీద తొలిసారి పూర్తిస్థాయి ప్రసంగం చేసింది 1987లో. ఈలోగా వేలమంది పోయారు. అది దేవుడు వేసిన శిక్షేనని కొందరు మతబోధకులు బాహాటంగా ప్రకటించారు. అలాంటప్పుడు తియ్యని జోలపాట పాడితే తప్పు చేసినవాళ్లకే ఊరట.

ఈ ధోరణి గలాస్‌కు ఊరికే పుట్టలేదు. దక్షిణ గ్రీసులోని మాని ప్రాంతంలో చావు ఇంట ఆడవాళ్లు శోకాలు పెడతారు. ఒకప్పుడు హత్య జరిగితే ఆ శోకంలోనే హంతకుణ్ని నిలదీసేవారు, పగ తీర్చమనేవారు. గలాస్ ఆ సంప్రదాయానికి వారసురాలు.

చెవులు చిల్లులు పడేలా అరిస్తే సంగీతమవుతుందా అని అడిగేవాళ్లుంటారు. అడగవలసిన ప్రశ్నే. పోలండ్ స్వరకర్త పెండెరెట్స్కీ 52 తంత్రీవాద్యాల కోసం 1960లో రాసిన కృతికి మొదట దాని నిడివే పేరు: 8 నిమిషాల 37 సెకన్లు. హిరోషిమా మృతుల పేరు పెట్టి వాళ్లకు అంకితమిచ్చింది ఆ తర్వాతే. కర్ణకఠోరమైనంత మాత్రాన ఏదీ సత్యం కాదని దీన్నిబట్టి వాదించవచ్చు. కానీ ఆ పేరు పెట్టాక కృతి దానికి తూగింది. వాద్యాలన్నీ తమకు అందే అత్యున్నత స్వరంలో కేకపెట్టే ఆ ఆరంభం అణుబాంబు మృతుల పేరును మోయగలిగింది. శ్రావ్యమైన రాగమైతే ఆ బరువుకు కుంగిపోయేది.

గలాస్ అక్కడితో ఆగలేదు. 2003లో విడుదలైన ‘డెఫిక్సియోనెస్’ ఆల్బమ్‌ను 1914–1923 మధ్య హతమైన ఆర్మీనియన్లు, అసిరియన్లు, గ్రీకులకు అంకితమిచ్చింది. ఆ హత్యాకాండను జాతిహత్యగా టర్కీ ప్రభుత్వం నేటికీ అంగీకరించదు. నేరం జరగనే లేదంటున్నంతకాలం, హాయిగా పాడమని ఆమెను అడిగే హక్కు శ్రోతలకు లేదు.